అప్‌డేట్: 100 గ్రెయిన్ మొనలా, 120వా? వేసి చూశాం

పోయిన నెల అడిగాను: మా అమ్మాయి కాంపౌండ్ విల్లుతో (కప్పీలుండే విల్లు) 50 మీటర్లకి వేస్తుంది, బాణాలకి 100 గ్రెయిన్ (చిన్న బరువు కొలత) మొనలే ఉంచాలా, 120కి మారాలా అని. బరువైనవి గాలికి నిలుస్తాయని ఎక్కువమంది చెప్పారు. విజయవాడలో మూడు వారాలు రెండూ వేయించాను.

తేడా 1.3 గ్రాములే. అయినా 120తో బాణం కిందికి దిగింది, విల్లు మీద గురి చూసే సైట్ మార్చాల్సి వచ్చింది. పొద్దున గాలి లేనప్పుడు నాకు తేడా కనిపించలేదు. సాయంత్రం కృష్ణ మీంచి గాలి మొదలయ్యాక మాత్రం 120వి దగ్గరదగ్గరగా పడ్డాయి. ఆ గుంపు చూసి మా అమ్మాయి ముఖం వెలిగిపోయింది! అయితే మొన బరువు పెరిగితే వదిలినప్పుడు బాణం కాడ ఎక్కువ వంగుతుంది. తన కాడలు కాస్త గట్టివి కాబట్టి సరిపోయింది. మెత్తని కాడలున్నవాళ్లు తొందరపడకండి.

మొన ఊడదీయడానికి మంట పెట్టొద్దన్న అన్నగారికి దండం. కార్బన్ కాడ బాగా వేడెక్కితే పాడవుతుంది. వేడినీళ్లలో మొన ముంచితే జిగురు వదిలింది.

వేటకి వాడే బ్లేడు మొనలు కూడా పోల్చమన్నారొకరు. అది చెయ్యను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఉంది, మన దగ్గర అడవి జంతువుల వేట నేరం. పైగా ఆ బ్లేడ్లు టార్గెట్ దిమ్మని చీల్చేస్తాయి.

120వే ఉంచేశాం.