పట్టుచీర కట్టుకున్న ప్రతిసారీ డ్రై క్లీనింగ్‌కి ఇవ్వాల్సిందేనా?

కృష్ణలంక_పిల్ల:
శ్రావణమాసం పూజలు, ఆ వెంటనే మా మరిది పెళ్లి, అన్నీ అయ్యేసరికి కట్టి విడిచిన పట్టుచీరలు మంచం మీద గుట్ట పడ్డాయి. మొత్తం డ్రై క్లీనింగ్‌కి ఇద్దామంటే ఇక్కడ చీరకి మూడు నాలుగు వందలు చెప్తున్నారు, రోలింగ్ (రోలర్ మీద చుట్టి ముడతలు తీయడం) వేరే. ఇవ్వకపోతే చెమటకి పట్టు చివికిపోతుందని మా అత్తగారు, ఇస్తే జరీ నల్లబడుతుందని మా అమ్మ. ఇద్దరి మధ్య నాకు టెన్షన్.

ధర్మవరం చీర మీద పరమాన్నం పడింది, అప్పుడే తడిగుడ్డతో తుడిచేశాను, ఇప్పుడైతే ఏమీ కనపడట్లేదు, అయినా ఇవ్వాలా? గద్వాల చీర కుచ్చిళ్ల దగ్గర పసుపు చెయ్యి తగిలింది. మగ్గం వర్క్ బ్లౌజుకి చంకల్లో చెమట పట్టి గీతలా కట్టింది. ఇంకో సంగతి, పోయినసారి ఒక షాపులో ఇస్తే చీర కిరోసిన్ కంపుతో వచ్చింది. అసలు వీళ్లు దేంతో ఉతుకుతారండీ?

ఇస్త్రీపెట్టె:
మాది ఇదే వ్యాపారం అండి, నాన్నగారి కాలం నుంచి. నీళ్లు వాడం గానీ బట్ట తడుస్తుంది, సాల్వెంట్‌లో, అంటే జిడ్డుని కరిగించే ద్రవంలో. మన ఊళ్లలో బోర్డు మీద పెట్రోల్ వాష్ అని రాసుకునే చిన్న షాపుల్లో ఎక్కువగా వాడేది ఎంటీఓ, అంటే మినరల్ టర్పెంటైన్, పెట్రోలియం సరుకే. పెద్ద మెషిన్లున్న చోట పర్క్ అనే క్లోరిన్ సాల్వెంట్ కూడా వాడతారు. అది 121 డిగ్రీల దగ్గర మరుగుతుంది, మెషిన్లోనే ఆవిరి చేసి, మురికి అడుగున వదిలేసి, శుభ్రమైన సాల్వెంట్‌ని మళ్లీ తిప్పుతారు. మీ చీర కంపు కొట్టిందంటే సరిగ్గా ఆరబెట్టకుండానే మడతపెట్టి ఇచ్చారన్నమాట, లేదా వాడిన సాల్వెంట్‌నే శుభ్రం చేయకుండా మళ్లీ మళ్లీ వాడుతున్నారు. రెండోదే అయితే తెల్లచీరలు, లేత రంగులు ఆ షాపుకి ఇవ్వకండి, మెల్లగా బూడిదరంగు తిరుగుతాయి.

ఇప్పుడు అసలు విషయం. సాల్వెంట్ నెయ్యి, నూనె, లిప్‌స్టిక్, మేకప్ లాంటి జిడ్డుని బాగా లాగుతుంది. చక్కెర, బెల్లం, చెమటలోని ఉప్పు దానికి లొంగవు, వాటికి నీళ్లే కావాలి. మీ పరమాన్నంలో నెయ్యి పోతుంది, తీపి బట్టలోనే ఉంటుంది. ఇప్పుడు కనపడదు, వేడి ఇస్త్రీ తగిలాకో, బీరువాలో కొన్ని నెలలు ఉన్నాకో గోధుమరంగులో పైకి తేలుతుంది, అప్పుడు షాపు వాడే మరక చేశాడని గొడవ. మచ్చ కనపడకపోయినా ఎక్కడ ఏం పడిందో చెప్పి, అక్కడ చిన్న దారం కట్టి ఇవ్వండి. మెషిన్లో వేసే ముందు ఆ చోటు వరకు నీళ్లతో, ఆవిరితో తీస్తాం. చెప్పకుండా ఇస్తే డాక్టర్ దగ్గరికెళ్లి నొప్పెక్కడో చెప్పనట్టే.

పసుపు మీద దయచేసి సబ్బు పెట్టకండి. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, సున్నం కలిపి కుంకుమ చేసేది అందుకే కదా. పసుపు రంగు వెలుతురుకి పోతుంది, నిజమే, కానీ చీరని ఎండలో పడేస్తే దాని రంగు కూడా వెలుస్తుంది. గద్వాల అంటున్నారు కాబట్టి చీర ఒళ్లు నూలు, అంచు పట్టు అయ్యుండొచ్చు, అంచు రంగు నూలులోకి దిగే భయం ఉంది. ఇంట్లో ప్రయోగాలు వద్దు.

పెద్దమ్మ_కబుర్లు:
తమ్ముడు చెప్పింది బాగుంది గానీ ప్రతిసారీ ఇవ్వాలా అన్న ప్రశ్నకి జవాబు చెప్పలేదు, వ్యాపారం కదా 😀

అక్కర్లేదమ్మా. రెండు గంటలు కట్టుకుని విప్పిన చీరని రాత్రంతా నీడలో, గాలి తగిలేచోట దండెం మీద వేసి, పొద్దున మడతపెట్టుకోవచ్చు. పెళ్లిలో రోజంతా చెమటలో నానినదీ, ఏదైనా ఒలికినదీ మాత్రమే ఇవ్వు. వాళ్లిచ్చే ప్లాస్టిక్ కవర్ ఇంటికి రాగానే తీసెయ్, ఉతికిన పాత పంచె ముక్కలో చుట్టు, కొన్ని నెలలకోసారి మడత మార్చు, లేకపోతే మడత మీదే చిరుగుతుంది. మీ అమ్మ భయం పూర్తిగా తప్పు కాదు గానీ జరీ నల్లబడేది ఎక్కువగా గాలికీ, చెమటకీ, మనం కొట్టుకునే సెంటుకీ. అసలు జరీలో వెండి ఉంటుంది, గాలిలోని గంధకానికి వెండి నల్లబడటం సహజం. రాగి మీద చేసిన జరీ ఇంకా త్వరగా మాసిపోతుంది.

పాత పట్టుచీరలు నేను కుంకుడు రసంతోనే జాడిస్తాను, సబ్బులా పట్టుని గరుకు చెయ్యదు. ముందు కొంగు లోపలి మూలని తడిపి తెల్లగుడ్డతో అద్ది చూడు, రంగు అంటితే వదిలెయ్.

ఇస్త్రీపెట్టె:
పెద్దమ్మా, ఒకే రంగు చీరకైతే సరే. ధర్మవరంలో అంచు వేరే రంగు ఉంటే మూల పరీక్ష నెగ్గినా మొత్తం తడిపాక దిగొచ్చు, నేను ఒప్పుకోను.

బ్లౌజు సంగతి మర్చిపోయాను. మగ్గం వర్క్‌లో కుట్టిన పూసలకి పెద్దగా ఏం కాదు, జిగురుతో అంటించిన రాళ్లు, ప్లాస్టిక్ చమ్కీలతోనే బాధ. సాల్వెంట్‌కి జిగురు వదిలేస్తుంది, పర్క్‌లో కొన్ని చమ్కీలు మెత్తబడి ముడుచుకుంటాయి. చంకల దగ్గర చేత్తో మాత్రమే చెయ్యమని అడగండి, మెషిన్లో వేస్తామంటే తెచ్చేసుకోండి.

డాలస్_తెలుగోడు:
ఇక్కడ రెడీమేడ్ బట్టల లేబుల్ మీద గుండ్రం గుర్తు ఉంటే డ్రై క్లీనింగ్. అందులో పి ఉంటే పర్క్ పనికొస్తుంది, ఎఫ్ ఉంటే పెట్రోలియం రకం మాత్రమే, డబ్ల్యూ ఉంటే నీళ్లతో చేసే ప్రొఫెషనల్ వెట్ క్లీనింగ్. మన చీరలకి చాలావాటికి లేబులే ఉండదు. కాలిఫోర్నియాలో పర్క్ మెషిన్లు 2023కే ఆపించేశారు, క్యాన్సర్ భయం వల్ల. ఇక్కడి కేంద్ర పర్యావరణ సంస్థ ఈపీఏ కూడా డ్రై క్లీనింగ్‌లో పర్క్‌ని పదేళ్లలో ఆపాలని 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. ముప్పు ఎక్కువగా ఆ షాపుల్లో రోజూ పనిచేసేవాళ్లకి. మన మటుకు మనం చీర తెచ్చాక ఒకరోజు గాలికి ఆరేసి బీరువాలో పెడితే చాలు. ఇక్కడి షాపులకి జరీ తెలీదు, నేనైతే ఇండియా వెళ్లినప్పుడే ఇస్తా.

కృష్ణలంక_పిల్ల:
అందరికీ థాంక్స్. అయితే పెళ్లి చీరా, ధర్మవరం, గద్వాల ఇస్తాను, మిగతావి ఆరేస్తాను. బిల్లు వెనక నష్టం జరిగితే ఉతుకు ఛార్జీకి పదిరెట్లే ఇస్తామని రాసుంది, పాతికవేల చీర పోతే నాలుగు వేలా? ఇంకోటి, ఫాల్ విప్పి ఇవ్వాలా?

ఇస్త్రీపెట్టె:
చాలా షాపుల బిల్లు మీద అలాంటి మాట ఉంటుంది. ఇచ్చేముందు చీర మొత్తం ఫోటోలు తీయండి, మరకలు, చీర విలువ బిల్లు మీద రాయించుకోండి, రాయనంటే వేరే షాపు చూసుకోండి. నిజంగా పాడుచేస్తే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది, బిల్లు వెనక అచ్చువేసినంత మాత్రాన అదే చట్టం అయిపోదు.

ఫాల్ విప్పక్కర్లేదు, సాల్వెంట్‌కి అది ముడుచుకోదు. నీళ్లలో పెడితేనే కాటన్ ఫాల్ కుదించుకుపోయి అంచు ముడతలు పడుతుంది. రోలింగ్ చేయించేట్టయితే మాత్రం మీ షాపు వాళ్లని ముందే అడగండి, కొందరు విప్పి మళ్లీ కుడతారు, దానికి డబ్బులు వేరే.