యుద్ధం నడుస్తుండగా వీధి పండుగ తగునా?

మిస్సిసాగా మాస్టారు:
టొరంటోలో ఏటా సెప్టెంబరులో బ్లోర్ వీధికి వాహనాలు ఆపేసి ఉక్రెయిన్ పండుగ చేస్తారు. ఊరేగింపు, హొపాక్ నృత్యం, తిండి దుకాణాలు, బీరు గుడారం, అన్నీ ఉంటాయి. మన ఇళ్లలో అయినవాళ్లు పోతే ఆ ఏడాది పండుగ చేసుకోం, పిండివంటకు మూకుడు పెట్టం. అక్కడ రోజూ శవాలు లేస్తుంటే ఇక్కడ గంతులేమిటి? విరాళాలకు నేను అడ్డు కాదు. ఈ సంబరం మాత్రం నాకు మింగుడు పడలేదు.

ఖార్కివ్ పాత విద్యార్థిని:
మాస్టారూ, 2022 ఫిబ్రవరిలో బాంబులు పడుతుంటే మేము ఉక్రెయిన్‌లోని ఖార్కివ్ నగరంలో మెట్రో స్టేషన్లో నేల మీద పడుకున్నాం. ఇంటికి చేరాక తెలిసిన కబురు ఇది: మార్చి 26న ఆ ఊరి సంగీతోత్సవం మెట్రో స్టేషన్లోనే మొదలైంది. పైన పేలుళ్లు, కింద వయొలిన్లు. దెబ్బ తింటున్నవాళ్లే పాడుకుంటుంటే వాళ్ల తరఫున మనం మైల పట్టడం ఎందుకండీ?

ఇంకొకటి. రష్యన్లూ ఉక్రేనియన్లూ ఒకే ప్రజ అని పుతిన్ 2021 జూలైలో పెద్ద వ్యాసమే రాశారు. మీరంటూ వేరే లేరు అన్నవాడి ముందు తమ వంట, తమ కుట్టుపని, తమ పాట నడివీధిలో పెట్టడం గంతులు కాదు, జవాబు. బోర్ష్ (వాళ్ల బీట్‌రూట్ సూప్) వండే సంప్రదాయాన్ని యునెస్కో 2022 జూలై 1న, అత్యవసరంగా కాపాడుకోవలసిన వారసత్వాల జాబితాలో చేర్చింది కూడా ఈ యుద్ధం వల్లే.

బ్లోర్ వీధి అద్దెదారు:
రెండు సందుల అవతల కాపురం ఉంటున్నవాడిగా నా గోడు వేరు. ఆ వారాంతం కారు బయటికి తీయలేం, రాత్రి దాకా మైకుల మోత. అయినా వెళ్తాను, వరెనికి కోసం. చర్చి వంటింట్లో చేయి తిరిగిన ముసలమ్మలు పిండి బిళ్లలో బంగాళదుంప ముద్ద పెట్టి, మన కజ్జికాయ లాగే మడిచి, అంచు నొక్కేస్తారు. వేయించిన ఉల్లిపాయలు, పుల్లటి మీగడ పైన వేసి ఇస్తారు. వరుసలో ఎంతసేపైనా నిలబడవచ్చు.

నా అభ్యంతరం చందా డబ్బాల మీద. ఒక బల్ల మీద నిర్వాసితులకు, పక్క బల్ల మీద సైనికుల డ్రోన్లకు. పిల్లలతో పండుగకు వచ్చినవాడిని ఆయుధాల చందా అడగవచ్చా?

ఖార్కివ్ పాత విద్యార్థిని:
డబ్బా మీద రాసే ఉందిగా. ఇష్టం లేనివారు వేయరు.

పాటల పిచ్చోడు:
యుద్ధంలో పాట కొత్త సంగతి కాదు. 1919లో, దేశం చేజారిపోతున్న సమయంలో, అప్పటి ఉక్రెయిన్ నేత పెట్లియూరా ప్రభుత్వం అలెగ్జాండర్ కొషెట్స్ నడిపే గాయక బృందాన్ని యూరప్‌కు పంపింది. మందుగుండుకే కటకటగా ఉన్న ప్రభుత్వం గాయకులకు ఖర్చు పెట్టింది! ఉక్రెయిన్ అనే దేశం ఒకటుందని లోకం వినాలని. ప్రభుత్వం కూలిపోయింది, బృందం మాత్రం తిరుగుతూనే ఉంది. 1922 అక్టోబరులో న్యూయార్క్ కార్నెగీ హాలులో 'షెడ్రిక్' పాడింది. క్రిస్మస్ రోజుల్లో ప్రతి మాల్‌లో మోగే 'కేరల్ ఆఫ్ ద బెల్స్' బాణీ అదే. ఆ బాణీ కూర్చిన లియొంతోవిచ్‌ను అంతకుముందే, 1921 జనవరిలో, సోవియట్ ఏజెంటు కాల్చి చంపాడు. మాస్టారి లెక్కన ఆ బృందం ఇంట్లో కూర్చుని ఏడవాలి.

మిస్సిసాగా మాస్టారు:
కొషెట్స్ బృందాన్ని నా మీదికి తోలకండి బాబూ. వాళ్లు కచేరీ చేశారు, బీరు గుడారం వేయలేదు. మెట్రోలో వయొలిన్ వాయించినవారికి చేతులెత్తి మొక్కుతాను. ఊరేగింపు ఉండనివ్వండి, పాట ఉండనివ్వండి, వరెనికి నేనూ తింటాను. ఆ గుడారం ఒక్కటీ తీసేస్తే వాళ్లకు పోయేదేమిటి?

బ్లోర్ వీధి అద్దెదారు:
పోయేది ఆదాయమే. వేదికకూ మైకులకూ డబ్బు ఎక్కడి నుంచి వస్తుందనుకున్నారు?