వేరే ఆఫర్ లేకుండా రిజైన్ చేయొచ్చా? (హెచ్‌1బీ, డాలస్)

డాలస్ నుంచి ప్రశ్న:
అందరికీ నమస్కారం. హెచ్‌1బీ (అమెరికా వర్క్ వీసా) మీద వచ్చి 14 నెలలైంది. కన్సల్టింగ్ కంపెనీ. రాత్రి పదకొండింటికి కూడా మేనేజర్ కాల్స్, అందరి ముందూ తిట్లు. నిద్ర పట్టడం లేదు. వేరే ఆఫర్ లేదు, శుక్రవారం మానేద్దామనుకుంటున్నా. మధ్యలో వెళ్తే 15 వేల డాలర్లు కట్టాలంటున్నారు. నా భార్య హెచ్‌4 (నా వీసా మీద ఆధారపడ్డ వీసా) మీద ఉంది. రాజీనామా లెటర్లో కారణం ఏం రాయాలి?

ఎడిసన్ నుంచి జవాబు:
తమ్ముడూ, కారణం రాయక్కర్లేదు. "ఫలానా తేదీ నా ఆఖరి పనిదినం" అంటే చాలు. ఆలోచించాల్సింది ఆ తేదీ గురించే. కంపెనీ తీసేసినా, నువ్వే మానేసినా 60 రోజుల దాకా గ్రేస్ (ఉద్యోగం లేకపోయినా ఇక్కడ ఉండగలిగే గడువు) ఉంటుంది. 2017 జనవరి నుంచీ ఉన్న రూల్. అయితే ఐ-94 (ఎప్పటిదాకా ఇక్కడ ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) అంతకన్నా ముందే ముగిస్తే ఆ రోజుతోనే సరి. పాస్‌పోర్ట్ గడువు తక్కువుంటే ఎయిర్‌పోర్ట్‌లో ఐ-94 అంతవరకే ఇచ్చి ఉండొచ్చు. ఐ-797 (హెచ్‌1బీ అప్రూవల్ నోటీసు) మీద తేదీ చూసి ధీమాగా ఉండొద్దు. సీబీపీ (సరిహద్దు తనిఖీ శాఖ) సైట్లో నీ ఐ-94 ఈరోజే తీసి చూడు.

ఫ్రీమాంట్:
వాడని సెలవులకు డబ్బులిస్తారు కదా, ఆ రోజులూ గ్రేస్‌కు కలుపుకోవచ్చు. చాలామంది అలాగే లెక్కేస్తారు.

ఎడిసన్:
లేదండీ, మునిగిపోయేది అక్కడే. మామూలుగా జీతం లెక్కగట్టిన ఆఖరి రోజుకు మర్నాటి నుంచి గ్రేస్ మొదలు. శని, ఆదివారాలు, పండగలు అన్నీ కలిపే. ఉద్యోగం ముగిశాక సెలవులకిచ్చే డబ్బు ఒక్క రోజునూ పెంచదు.

ఇర్వింగ్‌లో ఒకబ్బాయి ఆఖరి రోజు మార్చి 31. అంటే మే 30తో గ్రేస్ సరి. సెలవుల డబ్బు ఏప్రిల్ 15న పడిందని అతను అక్కడి నుంచి లెక్కేసి జూన్ 14 దాకా టైముందనుకున్నాడు. కొత్త కంపెనీ అతని కోసం వేసిన హెచ్‌1బీ దరఖాస్తు (పిటిషన్) జూన్ 3న ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్‌కు అందింది. ఆఖరి పే స్టబ్‌లు (జీతం స్లిప్పులు) చూపమని ఆర్‌ఎఫ్‌ఈ (అదనపు ఆధారాలు అడిగే నోటీసు) వచ్చింది. పిటిషన్ అప్రూవ్ చేశారు గానీ ఇక్కడే ఉండే పొడిగింపు ఇవ్వలేదు. దేశం దాటి, కాన్సులేట్‌లో వీసా స్టాంపింగ్ చేయించుకుని రావాలన్నారు. కంపెనీ అన్నాళ్లు ఆగలేదు. ఇప్పుడైతే ఇంకా కష్టం. 2025 సెప్టెంబర్ 21న అమల్లోకి వచ్చిన, కొత్త హెచ్‌1బీ పిటిషన్ వేసే కంపెనీ కట్టాల్సిన లక్ష డాలర్ల ఫీజు, ఇక్కడున్నవాళ్లకు పొడిగింపు మంజూరైతే పడదు. స్టేటస్ లేదని నిరాకరిస్తే పడుతుంది. అంత కట్టి ఎవరు తీసుకుంటారు?

షార్లెట్:
అంత భయపెట్టకండి. ఆఫర్ రాకపోతే 60 రోజుల్లోపు ఐ-539 (స్టేటస్ మార్చమని అడిగే ఫారం) వేసి బీ-2కి (విజిటర్ స్టేటస్‌కి) మారొచ్చు. భార్యకు దాని అనుబంధ ఫారం ఐ-539ఏ జతచేస్తే సరిపోతుంది. పెండింగ్‌లో ఉన్నన్నాళ్లూ ఇక్కడే ఉండొచ్చు.

ఎడిసన్:
ఉండొచ్చు, కానీ పని చేయకూడదు. 60 రోజుల్లోపు కొత్త పిటిషన్ అందితే రసీదుతోనే చేరిపోవచ్చు. గ్రేస్ దాటి బీ-2 మీద ఉంటే అప్రూవల్ దాకా ఆగాలి. పైగా ఆ బీ-2 అప్రూవ్ కాకుండా హెచ్‌1బీకి మార్పు ఇవ్వరు. బీ-2 తిరస్కరిస్తే వెనకాల అడిగిన హెచ్‌1బీ మార్పూ కూలుతుంది. దాన్ని ఆఖరి దారిగానే చూడాలి. ప్రీమియం (త్వరగా చూడమని అదనపు ఫీజు కట్టే పద్ధతి) వేసినా 15 పనిదినాలన్నది యూఎస్‌సీఐఎస్ స్పందించే గడువు మాత్రమే, ఆర్‌ఎఫ్‌ఈ కూడా స్పందనే.

ఆస్టిన్:
ఆ 15 వేల సంగతి ఎవరూ చెప్పలేదు. ముందే మానేసినందుకు హెచ్‌1బీ ఉద్యోగి దగ్గర జరిమానా వసూలు చేయడం ఫెడరల్ రూల్స్‌కు విరుద్ధం. పిటిషన్ ఫీజు, లాయర్ ఫీజు కూడా నీ మీద వేయకూడదు. అయితే నిజమైన నష్టానికి ముందే అంచనా కట్టి రాసుకున్న పరిహారాన్ని రాష్ట్ర చట్టం ఒప్పుకోవచ్చు. సైన్-ఆన్ బోనస్ వెనక్కివ్వాలన్న షరతూ వేరు. అగ్రిమెంట్ లాయర్‌కు చూపించు. వెళ్లేటప్పుడు కొత్త కాగితం దేనిమీదా సంతకం పెట్టకు. జీతం ఎగ్గొట్టినా, బెంచ్ మీద (ప్రాజెక్టు లేకుండా ఉన్నప్పుడు) ఇవ్వకపోయినా లేబర్ డిపార్ట్‌మెంట్‌కు 12 నెలల్లోపు డబ్ల్యూహెచ్-4 (ఫిర్యాదు ఫారం) వేయొచ్చు. లాప్‌టాప్ తిరిగిచ్చేలోపే పే స్టబ్‌లు, డబ్ల్యూ-2లు (ఏడాది జీతం, పన్ను వివరాల ఫారాలు), ఐ-797, ఎల్‌సీఏ (జీతం, పనిచోటు చెబుతూ కంపెనీ లేబర్ డిపార్ట్‌మెంట్‌కు వేసిన దరఖాస్తు) కాపీ, ఆఫర్ లెటర్ సొంత మెయిల్‌లో పెట్టుకో. క్లయింట్ ఫైళ్లు ఒక్కటి కూడా తాకొద్దు.

షార్లెట్:
నిద్ర పట్టడం లేదన్నాడు, దాని గురించి ఒక్కరూ అడగలేదు. నాన్నా, ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లు. 12 నెలలు నిండి, గత ఏడాదిలో 1,250 గంటలు పనిచేసి, నువ్వు పనిచేసే చోటికి 75 మైళ్ల లోపు కంపెనీకి 50 మంది ఉంటే ఎఫ్‌ఎంఎల్‌ఏ (కుటుంబ, వైద్య సెలవుల చట్టం) కింద 12 వారాల సెలవుంటుంది. డాక్టర్ సర్టిఫికెట్ కావాలి. జీతం ఉండదు, కానీ ఉద్యోగం ఉంటుంది కాబట్టి గ్రేస్ గడియారం మొదలవదు. ఇన్సూరెన్స్ కూడా సాగుతుంది, నీ వాటా కట్టాలి.

ఫ్రీమాంట్:
అక్క చెప్పింది ముఖ్యం. సెలవుల లెక్కలో నేను పొరబడ్డాను. ఇన్సూరెన్స్ గురించి ఒక మాట. చాలా ప్లాన్లు మానేసిన నెలాఖరు దాకా నడుస్తాయి; హెచ్‌ఆర్‌ను అడిగి, నీదీ అలాంటిదైతే ఆఖరి రోజు నెల మొదటివారంలో పెట్టుకో. తర్వాత కోబ్రా (మానేశాక కూడా అదే కంపెనీ ఇన్సూరెన్స్ కొనసాగించుకునే ఏర్పాటు) ఎంచుకోవడానికి 60 రోజులుంటుంది, కవరేజీ వెనకటి తేదీ నుంచే వస్తుంది. కాకపోతే కంపెనీ వాటాతో కలిపి మొత్తం ప్రీమియంలో 102 శాతం దాకా నువ్వే కట్టాలి.

ఎడిసన్:
శుక్రవారం మాత్రం వద్దు తమ్ముడూ. ఉద్యోగంలో ఉండగానే ఇంటర్వ్యూలు మొదలుపెట్టు. కొత్త కంపెనీ నీ కోసం ట్రాన్స్‌ఫర్ పిటిషన్ వేయడానికి ఇప్పటి కంపెనీ అనుమతి అక్కర్లేదు. ఓర్చుకోలేకపోతే సెలవు తీసుకో, మానేసే తేదీ లాయర్‌తో మాట్లాడాకే రాసివ్వు. మీ ఆవిడ ఐ-94 కూడా విడిగా తీసి చూడు. ఇద్దరి తేదీలూ ఒకటే ఉంటాయని లేదు.