మా ఊరి లైబ్రరీకి ముందంతా అద్దాలేనంట, కరెంటు బిల్లు సంగతేంటి?

కొల్లేటిగాలి:
అందరికీ నమస్తే. ఏలూరు దగ్గర మా ఊళ్ళో పాత లైబ్రరీ పడగొట్టి కొత్తది కడుతున్నారు, రెండంతస్తులు, మొన్న డ్రాయింగ్ చూపించారు. రోడ్డు పడమర వైపుంది కాబట్టి ఆ మొహం మొత్తం గ్లాసే, లుక్ కోసమంట. లోపల పన్నెండు ఏసీలు. బిల్లెవరు కడతారండీ అంటే పైన సోలార్ పెడతాంగా అంటున్నారు. కమిటీలో నేనే చిన్నోణ్ణి, చదివింది బీకాం. వచ్చే వారం మీటింగు, గట్టిగా మాట్లాడాలంటే ఏం చెప్పాలి?

సైటింజనీరు:
తమ్ముడూ ముందు ఆ సోలార్ మాట పక్కన పెట్టించు. ఎండని లోపలికి రానిచ్చి, దాన్ని బయటికి తోడటానికి ఏసీలు, ఆ ఏసీలకి ప్యానెళ్ళు, ఇదంతా చిల్లుకుండలో నీళ్ళు పోసే యవ్వారం. ఢిల్లీలో ఇందిరా పర్యావరణ్ భవన్ 2014లో ఓపెనైంది, 930 కిలోవాట్ల సోలార్ అని అందరూ అదే చెప్తారు గానీ వాళ్ళు ముందు వాడకం తగ్గించారు, మధ్యలో మన మండువాలోగిలి లాగా పెద్ద ఖాళీ వదిలారు, వేడిని భూమిలోకి పంపే పైపులు వేశారు, అందుకే ప్యానెళ్ళు సరిపోయాయి.
నీ కేసులో అసలు దోషి పడమర గోడ. నడినెత్తి ఎండైతే రెండడుగుల సన్‌షేడ్ ఆపుతుంది, సాయంత్రం నాలుగింటికి సూర్యుడు కిందకి దిగి అడ్డంగా కొడతాడు, దానికి సన్‌షేడ్ ఏం చేస్తుంది? మెట్లు, బాత్రూములు, స్టోర్ రూము అటు వేయించి, చదువుకునే హాలు ఉత్తరానికి తిప్పించు. ఉత్తరం కిటికీలకి కూడా సన్‌షేడ్ ఉండాలి, మీ దగ్గర మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు కాస్త ఉత్తరానికే ఉంటాడు, ఇది మా ఆఫీసులోనే సగం మందికి తెలీదు.

మియాపూర్_మామ:
హైదరాబాద్‌లో పరిశ్రమల సంఘం సీఐఐ వాళ్ళ గ్రీన్ బిజినెస్ సెంటర్ చూశారా, 2004లో కలాం గారు ఓపెన్ చేశారు. విండ్ టవర్లు, అంటే పైన గాలిని పట్టి తడితో చల్లబరిచి లోపలికి పంపే గోపురాలు, చిల్లుల జాలీ గోడలు, శ్లాబు మీద గడ్డి. మీరూ ఒక విండ్ టవర్ పెట్టించండి బ్రో, అదిరిపోద్ది.

ఉప్పుగాలి:
మామా, హైదరాబాద్ ఎండ పొడి ఎండ, అక్కడ తడితో గాలిని చల్లబరిస్తే చల్లబడుద్ది. కొల్లేరు పక్కన గాలే తడిగుడ్డలా ఉంటే ఇంకా తడి కలిపితే పుస్తకాలకి బూజు తప్ప ఇంకేం రాదు. నేను కాకినాడ మనిషిని, ఉక్కపోత సంగతి నాకు చెప్పక్కర్లేదు. మన వైపు గాలి ఆడాలి, అంతే. ఎదురెదురు కిటికీలు, ఎత్తు సీలింగు, ఎక్కువ ఫ్యాన్లు. పాత ఫ్యాను 75 వాట్లు తింటే కొత్త రకం బీఎల్‌డీసీ మోటారు ఫ్యాను 30 దగ్గర తింటుంది. పై శ్లాబుకి తెల్ల పూత కొట్టించండి, సున్నమైనా పర్లేదు, కాకపోతే ఏటా కొట్టాలి. తెలంగాణలో 2023లో కూల్ రూఫ్‌లకి పాలసీయే తెచ్చారు. ఏసీ కావాలంటే కంప్యూటర్ల గదికి, తాళపత్రాల్లాంటివి ఉంటే ఆ గదికి, 24 మీద పెట్టి వదిలేయండి.

కొల్లేటిగాలి:
తాళపత్రాలా, మా దగ్గర ఉన్నవన్నీ గ్రూప్ టూ గైడ్లే అన్నా. ఇదంతా బానే ఉంది గానీ ప్రెసిడెంట్ గారికి ఆ గ్లాసంటే ప్రాణం, వాళ్ళ అబ్బాయి పెళ్ళి ఏదో గ్లాస్ ఫంక్షన్ హాల్లో చేశారు, అప్పట్నుంచి ఇదే గోల.

సైటింజనీరు:
అయితే తీసేయమనకు, తలుపు చుట్టూ మాత్రం ఉంచుదామను. మిగతా గోడకి రెండడుగులు ముందుకి ఇటుక జాలీ కట్టిస్తే ఎండ దాని మీదే ఆగిపోద్ది, వెనక గాలి ఆడుద్ది, సాయంత్రం నీడలు పడితే గ్లాసు కన్నా లుక్కొస్తుంది. పేపర్ మీద గీసి తీసుకెళ్ళు, నోటితో చెప్తే వినరు. ఇప్పుడు డ్రాయింగ్‌లో మెట్లు ఎటున్నాయి?

కొల్లేటిగాలి:
ఇప్పుడే చూశా అన్నా. మెట్లూ బాత్రూములూ రెండూ ఉత్తరం వైపే వేశారు.