అటెండెంట్ అమ్మతో కూర్చుని వత్తులు చేస్తోంది. ఇది డ్యూటీ కిందకు వస్తుందా?

డల్లాస్ కృష్ణ:
విజయవాడలో అమ్మ ఒక్కతే ఉంటుంది. 79 ఏళ్లు. తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది, వాకర్‌తో నడుస్తుంది. మతిమరుపు కూడా మొదలైంది, డిమెన్షియా తొలి దశ అన్నారు డాక్టరు. ఏజెన్సీ ద్వారా పగలు ఒక అటెండెంట్‌ను పెట్టాం. నెలకు 25 వేలు. హాల్లో కెమెరా ఉంది.

టిఫిన్ అయ్యాక, అంటే నాకిక్కడ రాత్రి పదకొండుకి, రోజూ ఇదే చూస్తున్నాను. అమ్మ కుర్చీలో, ఆవిడ పక్కన స్టూలు మీద, మధ్యలో దూది పళ్లెం. ఇద్దరూ వత్తులు చేస్తూ కబుర్లు. పదింటికి చేయించాల్సిన కాళ్ల వ్యాయామం పదకొండున్నరకి జరుగుతోంది. ఏజెన్సీని అడిగితే 'ఇది పర్సన్ సెంటర్డ్ కేర్ సార్, అంటే మనిషి ఇష్టాన్ని బట్టి చూసుకోవడం, అమ్మగారు హ్యాపీగా ఉన్నారు కదా' అన్నారు. వాళ్లిచ్చిన కాగితంలో స్నానం, మందులు, వ్యాయామం, భోజనం, బీపీ ఉన్నాయి. వత్తులు లేవు. మీరేమంటారు?

గోదారిగట్టు:
అమ్మ నవ్వుతోందా లేదా? నవ్వుతుంటే వదిలేయండి సార్.

లెక్కల మాస్టారు:
ఒక్క విషయం చెప్పండి. అమ్మగారికి థైరాయిడ్ మాత్ర ఉందా? ఉంటే ఎన్నింటికి వేస్తున్నారు?

డల్లాస్ కృష్ణ:
ఉంది మాస్టారూ. పొద్దున్నే కాఫీతో పాటే వేసుకుంటుంది. ఎప్పటినుంచో అంతే.

లెక్కల మాస్టారు:
అదుగో! అసలు సమస్య వత్తులు కాదు. ఆ మాత్ర ఖాళీ కడుపుతో, మంచినీళ్లతో వేసుకోవాలి. కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ముందు. కాఫీతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు. ఎముక విరిగింది కాబట్టి కాల్షియం మాత్రలు కూడా ఇస్తూ ఉంటారు, ఆ రెండింటికీ మధ్య నాలుగు గంటల ఎడం ఉండాలి. ముందు డాక్టరుతో మాట్లాడి ఇది సరిచేయించండి.

ఉప్పుచేప:
మా నాన్న కాఫీ లేకపోతే మాత్ర మింగడు. ఇప్పుడేం చేయాలి?

లెక్కల మాస్టారు:
మాత్ర ముందు, కాఫీ తర్వాత. ఇందులో బేరాల్లేవు.

గుంటూరు కోడలు:
కృష్ణ గారూ, మీ అమ్మగారు నడుస్తున్నారు, అదృష్టవంతులు. మా అత్తగారికి పక్షవాతం. మంచం మీదే అన్నీ. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, రాత్రి కూడా. మనిషిని పెట్టుకునే స్తోమత లేదు, ఆ మనిషిని నేనే. మా ఆడపడుచు సిడ్నీ నుంచి వీడియో కాల్ చేసి 'వదినా, అమ్మతో కాస్త కబుర్లు చెబుతూ ఉండు, లోన్లీగా ఫీలవుతోంది' అంటుంది. దుప్పట్లు ఉతికి, నాలుగు చెంచాల జావ తాగించడానికి ముప్పావు గంట కూర్చుని లేచేసరికి నాకు మాట్లాడే ఓపిక ఎక్కడుంటుంది? ఈ చిన్న చిన్న ఆనందాల మీద కవిత్వం చెప్పేవాళ్లలో డైపర్ మార్చినవాళ్లు ఎంతమంది?

రాజమండ్రి సిస్టర్:
నేను మార్చాను తల్లీ. హోంకేర్‌లోనే పనిచేస్తాను. మీ కష్టం తెలుసు, కానీ ఒక మాట చెప్పాలి. కబుర్లంటే పనంతా అయ్యాక తీరుబడిగా చెప్పుకునేవే కాదు. దుప్పటి లాగే ముందు 'పెద్దమ్మా, ఇటు తిప్పుతున్నా, చెయ్యి చల్లగా ఉంటుంది' అని చెప్పి తిప్పడం ఉంది. ఏమీ చెప్పకుండా బస్తాలా దొర్లించడం ఉంది. రెండింటికీ పట్టే టైం ఒకటే. మొదటి పద్ధతిలో ఆవిడ ఒళ్లు బిగబట్టరు, మీ నడుముకీ తేలిక.

కృష్ణ గారూ, ఏజెన్సీ వాళ్లు ఆ 'పర్సన్ సెంటర్డ్' మాటను బ్రోచర్ కోసం వాడుతుండొచ్చు, అయినా అందులో విషయం ఉంది. ఇంగ్లండ్‌లో బ్రాడ్‌ఫర్డ్ యూనివర్సిటీలో పనిచేసిన టామ్ కిట్‌వుడ్ 1990లలోనే డిమెన్షియా వచ్చిన మనిషికి ఏం కావాలో రాశారు. ఊరట, అనుబంధం, నలుగురిలో కలుపుకోవడం, చేతికో పని, తానెవరన్న గుర్తింపు. వాటన్నిటికీ నడుమ ప్రేమ. మీ అమ్మగారి వత్తుల్లో వీటిలో ఎన్ని ఉన్నాయో మీరే చూసుకోండి. ఆవిడ ఆ వత్తులు ఎవరికిస్తారు?

డల్లాస్ కృష్ణ:
వీధిలో అందరికీ. కార్తీక పౌర్ణమికి 365 వత్తుల కట్టలు కట్టి పంచుతుంది, నా చిన్నప్పటి నుంచీ. సరే, ఒప్పుకుంటా. కానీ వ్యాయామం ఆలస్యమవుతోందన్న నా మాటకు ఎవరూ జవాబు చెప్పలేదు.

లీడ్స్ పద్మ:
నేను బ్రిటన్‌లో కేర్ వర్కర్‌ని. 2022లో మా పనికి వీసా ఇవ్వడం మొదలెట్టాక మనవాళ్లు కూడా చాలామంది వచ్చారు. ఇక్కడ అంతా మీరు కోరుకున్నట్టే ఉంటుంది కృష్ణ గారూ, కాగితం ప్రకారం. ఫోన్‌లో యాప్, ప్రతి పనికీ టిక్కు. కొన్నిచోట్ల ఒక్కో ఇంటికి పావుగంటే. మాత్రలు, టిక్కు. శాండ్‌విచ్, టిక్కు. ముసలాయన 'టీ తాగి వెళ్లమ్మా' అంటే తర్వాతి ఇల్లు లేటవుతుంది. వైద్యం, సంరక్షణ ఎలా ఉండాలో సూచించే ఇక్కడి నైస్ సంస్థ 2015లోనే చెప్పింది, మామూలుగా అరగంటకు తగ్గకూడదని, తప్పనిసరైతే తెలిసిన మనిషే వెళ్లాలని. అయినా పావుగంటలు పోలేదు. మీ అమ్మకు పన్నెండు గంటలూ ఒకే మనిషి. ఇక్కడ దానికోసం మొహం వాచిపోయి ఉంటారు.

లెక్కల మాస్టారు:
పద్మ గారూ, ఆ పావుగంటలో థైరాయిడ్ మాత్ర, టిఫిన్ కలిపే ఇస్తారా?

లీడ్స్ పద్మ:
మాస్టారూ, మీకో దండం.

డల్లాస్ కృష్ణ:
అందరూ నన్ను రాతిగుండె వాడిని చేస్తున్నారు. నేను అడుగుతున్నది లెక్క. ఎముక విరిగిన మనిషి నడవకపోతే కండ కరిగిపోతుంది, మళ్లీ పడుతుంది. రెండోసారి పడితే వత్తులూ ఉండవు, కబుర్లూ ఉండవు. పైగా ఇంట్లో బంగారం ఉంది. ఇవాళ వత్తులు, రేపు అమ్మ గాజులు తీసి ఆ అటెండెంట్ చేతిలో పెట్టినా ఆశ్చర్యం లేదు.

గుంటూరు కోడలు:
వచ్చిందండీ అసలు మాట! 25 వేలు పడేసి మనిషిని కొనుక్కున్నాననుకున్నారు. మీ అమ్మకు మంచినీళ్లిచ్చే మనిషి మీకు దొంగ. నాకు గాజులు పెడతారని ఎవరికీ అనుమానం కూడా రాదు. నేను ఫ్రీ కదా.

డల్లాస్ కృష్ణ:
మీ ఆడపడుచు మీద కోపం నా మీద చూపించకండి.

గుంటూరు కోడలు:
చూపిస్తాను. మీరిద్దరూ ఒకే స్క్రీన్‌లోంచి మాట్లాడుతున్నారు.

అడ్మిన్:
వ్యక్తిగత విమర్శలు వద్దు. ఇంకోసారి అయితే చర్చ మూసేస్తాం.

గోదారిగట్టు:
వద్దు అడ్మిన్ గారూ, ఇప్పుడే కదా మొదలైంది.

డల్లాస్ కృష్ణ:
సరే, చెబుతా వినండి. మొన్న ఫోన్ చేశాను. అమ్మ ఎత్తి 'పని మీదున్నాం నాన్నా, తర్వాత చెయ్యి' అని పెట్టేసింది. కెమెరాలో చూస్తే వేళ్లకు విభూది అద్దుకుని దూది నలుపుతోంది. ఆవిడకేదో కథ చెబుతోంది, ఇద్దరూ పగలబడి నవ్వుతున్నారు. నాతో అయితే 'తిన్నావా', 'తిన్నా', 'పిల్లలు బాగున్నారా', అంతే. ఐదు నిమిషాలకు ఇద్దరికీ మాటలు అయిపోతాయి. పైగా ఆ కెమెరాకు సౌండ్ కూడా లేదు. అదీ నా బాధ. ఇప్పుడు తీర్పు చెప్పండి.

రాజమండ్రి సిస్టర్:
తీర్పు ఎందుకు బాబూ. 'తిన్నావా' అని అడిగితే 'తిన్నా' అనే వస్తుంది. తొలిదశ మతిమరుపులో పొద్దున ఏం తిన్నారో గుర్తుండకపోవచ్చు, అడిగినకొద్దీ గాభరా పడతారు. పాత సంగతులూ చేతికి అలవాటైన పనులూ చాలాకాలం నిలుస్తాయి. పువ్వు వత్తి ఎలా చేస్తారో అడగండి, ఆ అటెండెంట్‌నే ఫోన్ పట్టుకోమనండి. ఆవిడ కథలన్నీ విని ఉంటుంది, ఏది అడిగితే అమ్మ మొదలెడతారో మీకు చెప్పగలదు. అందుకు ముందు దొంగచూపు మానాలి. బంగారం లాకర్లో పెట్టించండి, ఎవరొచ్చినా చేయాల్సిన పనే అది.

వ్యాయామం విషయంలో మాత్రం మీదే రైటు. అది జరగకపోతే ఏజెన్సీని నిలదీయండి. అయితే పదింటికే జరగాలన్నది ఎవరి టైం? అమ్మదా, మీ నిద్రదా?

డల్లాస్ కృష్ణ:
...ఫిజియో ఉదయం అన్నారు. పదింటికి అన్నది నేనే.

అయినా నా మాట నాదే. మధ్యాహ్నం భోజనం లోపు రెండు పూటల వ్యాయామంలో ఒకటి అయిపోవాలి. దాని ముందో వెనకో వత్తులు చేస్తారో, వడియాలు పెడతారో వాళ్లిష్టం.

గుంటూరు కోడలు:
సిస్టర్ గారూ, నాకో సంగతి చెప్పండి. పక్క తిప్పే ముందు చెప్పమన్నారు, చెబుతున్నాను. నిన్న అత్తయ్య 'నీ చెయ్యి ఎప్పుడూ చల్లనే' అన్నారు. తిట్టో మెచ్చుకోలో తెలియలేదు. అది అలా ఉంచండి. గుంటూరులో రాత్రి షిఫ్ట్‌కు మాత్రమే మనిషి దొరుకుతుందా? వారానికి రెండు రాత్రులు నేను నిద్రపోతే చాలు.

రాజమండ్రి సిస్టర్:
దొరుకుతుంది. మెసేజ్ పెట్టాను, చూడండి. 14567 కూడా రాసి ఉంచుకోండి, పెద్దల కోసం కేంద్రం నడిపే ఎల్డర్ లైన్. ఖర్చు మాత్రం సిడ్నీకి పంపండి.

డల్లాస్ కృష్ణ:
పంపండి. కానీ ముందే చెబుతున్నా, డబ్బు కట్టాక ఆవిడ కెమెరా అడుగుతుంది.