చర్చ: ప్రయోగాత్మక రేడియో నేర్చుకోవడానికి విశ్వవిద్యాలయం కావాలా?

కొత్తశ్రోత:
జర్నలిజంలో డిగ్రీ పూర్తయింది. పై చదువుకు ప్రయోగాత్మక రేడియో, అంటే శబ్దాన్నీ ప్రసారాన్నీ కళగా మలిచే విద్య, దానితో మీడియా కళ తీసుకోవాలని ఉంది. జర్మనీలో వైమార్‌లోని బౌహౌస్ విశ్వవిద్యాలయం దీన్ని ప్రత్యేక సబ్జెక్టుగా బోధిస్తుంది. ఫోనులోనే రికార్డు చేసి, ఎడిట్ చేసి అందరికీ వినిపించగలిగే కాలంలో దీనికోసం ఏళ్ల తరబడి తరగతిలో కూర్చోవాలా అని స్నేహితులు అడుగుతున్నారు. గట్టిగా జవాబు చెప్పలేకపోతున్నాను. మీరేమంటారు?

పాతరిసీవర్:
అక్కర్లేదంటాను. ఈ కళకు దారి వేసినవాళ్లు దీన్ని చదువుకుని రాలేదు. 1948లో పారిస్‌లో రైళ్ల చప్పుళ్లతో సంగీతం కూర్చిన పియెర్ షాఫర్ ఫ్రెంచ్ రేడియోలో ఇంజినీరు. ఆ పని ఆయన టేపు మీద కాదు, గ్రామఫోన్ రికార్డుల మీద చేశారు. రికార్డు మీది గాడిని గుండ్రంగా మూసేస్తే ముల్లు అక్కడే తిరుగుతూ అదే శబ్దాన్ని మళ్లీ మళ్లీ పలుకుతుంది. డాఫ్నీ ఓరమ్ అయితే లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో వచ్చిన సీటు వదులుకుని మరీ బీబీసీలో చేరారు. 1958లో అక్కడ కార్యక్రమాలకు కొత్త శబ్దాలు తయారుచేసే రేడియోఫోనిక్ వర్క్‌షాప్ ఏర్పడటానికి ఆమె పట్టుదల ఒక పెద్ద కారణం. పరికరం ముందు కూర్చుని దానితో కుస్తీ పడితేనే ఈ విద్య వస్తుంది.

మిక్సర్‌గది:
పాతరిసీవర్ గారూ, వాళ్లిద్దరికీ ఆ పరికరాలు ఎవరిచ్చారు? ప్రసార సంస్థలే కదా. మీరు చెప్పిన వర్క్‌షాప్ 1998లో మూతపడింది. ఇప్పుడు స్టేషన్లో చేరితే ఏమవుతుందో నేను చూశాను. ఒక వాణిజ్య ఎఫ్‌ఎంలో ఆరేళ్లు ప్రసార విభాగంలో పనిచేశాను. నిశ్శబ్దాన్ని పసిగట్టే పరికరం ఒకటి ఉండేది. కొన్ని సెకన్లు శబ్దం ఆగిందంటే ప్రసారం చెడిపోయిందనుకుని, అలారం మోగించి, దానంతట అదే పాట వేసేది. ఒకసారి వాన మీద కార్యక్రమం చేసి, వాన వెలిసిన తరువాతి నిశ్శబ్దాన్ని అలాగే ఉంచాను. అది సగంలో ఉండగానే ఒక ప్రచార గీతం వచ్చి పడింది. మర్నాడు సంజాయిషీ రాసిచ్చాను. ఆ నిశ్శబ్దం సరే, అంతకుముందు వచ్చిన వాన కూడా నా వాన కాదు. పెద్ద, చిన్న శబ్దాల తేడాను తగ్గించే కంప్రెసర్ గుండా వెళ్లేసరికి తొలి చినుకులూ, జడివానా ఒకే ఎత్తులో వినిపించాయి. ఉద్యోగం నాకు చాలా నేర్పింది, కాదనను. చెవికి తోచింది చేసి చూసే అవకాశం మాత్రం ఇవ్వలేదు.

పాతరిసీవర్:
మీ బాధ నిజమైనదే. అంతమాత్రాన స్టేషన్ కాకపోతే విశ్వవిద్యాలయమే దిక్కు అనడం సరికాదు. 1980లలో జపాన్‌లో తెత్సువో కొగావా, ఆయన మిత్రులు బొమ్మంత ట్రాన్స్‌మీటర్లతో కొన్ని వందల మీటర్లు మాత్రమే వినిపించే స్టేషన్లు నడిపారు. అంత దగ్గర కాబట్టి వినేవాళ్లు నేరుగా నడిచి స్టేషన్‌కే వచ్చేవాళ్లు. దానికి ఏ పట్టా కావాల్సి వచ్చింది?

పాడ్‌కాస్టరి:
అసలు ట్రాన్స్‌మీటర్ ఎందుకు? పాడ్‌కాస్ట్ పెడితే ఎవరికి వీలైనప్పుడు వాళ్లు వింటారు.

ఏరియల్:
"వీలైనప్పుడు" అన్న మాట దగ్గరే నాకు పేచీ. పాడ్‌కాస్ట్ దాచుకునే ఫైలు. రేడియో అందరికీ ఒకే క్షణంలో జరిగే సంఘటన. 2002లో లిగ్నా అనే బృందం హాంబర్గ్ ప్రధాన రైల్వే స్టేషన్‌లో చేసింది చూడండి. వందల మంది చిన్న రేడియోలు పట్టుకుని జనంలో కలిసిపోయారు. ప్రసారంలో వచ్చే సూచన వింటూ, అడుక్కుంటున్నట్టు చేయి చాపడం లాంటి అక్కడ నిషిద్ధమైన పనులను ఒకేసారి చేశారు. ఇంటర్నెట్ ప్రసారంతో అలా కుదరదు, ఒక్కొక్కరికి ఒక్కో ఆలస్యంతో చేరుతుంది.

ఇక ఈ కోర్సు చదివినదాన్నిగా అసలు ప్రశ్నకు వస్తాను. యంత్రాలు నేర్చుకోవడానికి కోర్సు అక్కర్లేదు, పాతరిసీవర్ గారితో ఏకీభవిస్తాను. నాకు దొరికింది వినే గది. వారానికో రోజు ఎనిమిది మందిమి దీపాలార్పి ఒకరి పని ఒకరం చివరిదాకా వినేవాళ్లం, మధ్యలో ఎవరూ మాట్లాడకూడదు. నేను ఇంటర్వ్యూల్లో మాటకూ మాటకూ మధ్య ఊపిరులు కత్తిరించేదాన్ని, శుభ్రంగా ఉంటుందని. ఒకరోజు తోటి విద్యార్థి ఒకరు, "ఈవిడ మాట్లాడుతున్నారు గానీ ఎక్కడా బతికి ఉన్నట్టు లేదు" అన్నారు. ఇంటికి వెళ్లి కత్తిరించిన ఊపిరులన్నీ వెతికి తిరిగి అతికించాను, తెల్లవారింది. ఒంటరిగా పనిచేసి ఉంటే ఆ మాట నాకు ఎవరు చెప్పేవాళ్లు?

సంపాదన గురించి దాచను. ఇప్పుడు మ్యూజియంలకు ఆడియో గైడ్లు (సందర్శకులు వింటూ తిరిగే వివరణలు) తయారుచేస్తూ బతుకుతున్నాను. నా సొంత పని రాత్రులే. చదువు ముగియగానే కళాకారులకు జీతాలిచ్చే చోటు ఎదురుచూస్తుందని మాత్రం అనుకోకండి.

కొత్తశ్రోత:
అయితే కోర్సు ఎంచుకునేటప్పుడు ఏమి అడగాలి?

మిక్సర్‌గది:
రెండు ప్రశ్నలు చాలు. విద్యార్థుల పని నిజంగా ప్రసారమవుతుందా, లేక మార్కులు వేసే గురువు ఒక్కరే వింటారా? ప్రసారం నడుస్తుండగా ఆపేసే అధికారం ఎవరికుంది? రెండో దానికి సూటిగా జవాబు రాకపోతే మరో చోటు చూసుకోండి.

పాతరిసీవర్:
నా అభిప్రాయం మారలేదు. కానీ ఏరియల్ గారు చెప్పిన గది మా కాలంలో నాకు దొరకలేదు, నిజమే. నలభై ఏళ్లుగా నా టేపులు విన్నది నేనొక్కణ్నే. కొత్తశ్రోత గారూ, వెళ్లినా వెళ్లకపోయినా దరఖాస్తు రాయకముందే పది నిమిషాల పని ఒకటి చేసి ఇక్కడ పెట్టండి. మేం నలుగురం చివరిదాకా వింటాం.