నల్లగండ్ల నుంచి విప్రో సర్కిల్‌కి సైకిల్ మీద: లారీలు తక్కువుండే దారి?

కొత్త_పెడల్:
హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకి సైకిల్ మీద వెళ్దామనుకుంటున్నాను. గోపన్‌పల్లి తండా, గౌలిదొడ్డి మీదుగా దగ్గరే గానీ, తొమ్మిదింటికి టిప్పర్లు, కాంక్రీట్ లారీలు మీదమీదకి వస్తాయి. గచ్చిబౌలి మీదుగా పాత ముంబై రోడ్డు అసలు వద్దు. తెల్లాపూర్ వైపు వెళ్ళి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కనున్న సోలార్ సైకిల్ ట్రాక్ ఎక్కితే ఎలా ఉంటుంది? నాది హైబ్రిడ్ సైకిల్ (రోడ్డు సైకిల్‌కీ మౌంటెన్ బైక్‌కీ మధ్య రకం), 700x35 టైర్లు, అంటే 35 మిల్లీమీటర్ల వెడల్పువి.

గేరు_గురువు:
ట్రాక్ బాగుంటుందండి. 2023 అక్టోబరు 1న తెరిచారు. నార్సింగి–కొల్లూరు 14.5 కిలోమీటర్లు, నానక్‌రామ్‌గూడ–పోలీస్ అకాడమీ 8.5. వెడల్పు 4.5 మీటర్లు, పైన సోలార్ కప్పు, ఎండ తగలదు. మీరు తెల్లాపూర్, ఉస్మాన్‌నగర్ మీదుగా కొల్లూరు చివర ఎక్కి నార్సింగిలో దిగాలి. పొరపాటున కూడా ఓఆర్‌ఆర్ మెయిన్ రోడ్డెక్కకండి, సైకిళ్ళకి నిషేధం. ట్రాక్ లేని చోట సర్వీస్ రోడ్డే.

ఎడమపక్క:
గురువుగారూ, అది ఆదివారం సంగతి. తొమ్మిది కిలోమీటర్ల ఆఫీసు దారికి ఆ చుట్టు తిరిగితే దూరం రెట్టింపు దాటిపోతుంది. పైగా నార్సింగిలో దిగాక అదే ట్రాఫిక్.

నన్నడిగితే దారి మార్చొద్దు, టైము మార్చండి. అదే గౌలిదొడ్డి రోడ్డు, ఏడు లోపు గోపన్‌పల్లి తండా దాటేయండి. సైకిల్‌కి ప్రమాదం బండ్ల సంఖ్య కన్నా వేగాల తేడాతోనూ మలుపులతోనూ ఎక్కువ. ముందున్న లారీ ఎడమకి తిరిగేలా ఉంటే దాని ఎడమ సందులోకి దూరకండి. తిరిగేటప్పుడు దాని వెనక చక్రాలు ముందు చక్రాల కన్నా లోపలికి కోసుకుని వస్తాయి, డ్రైవరుకి మీరు కనబడరు. వెనకే ఆగండి.

రోడ్డు అంచుకి మరీ అతుక్కోవద్దు. ఇసుక, గాజు పెంకులు, మ్యాన్‌హోల్ మూతలు అన్నీ అక్కడే. మీటరు దూరం వదిలి తొక్కితే గుంత వచ్చినా తప్పుకోడానికి చోటుంటుంది.

తిరుగు ప్రయాణంలో తండా దగ్గర ఫ్లైఓవర్ ఎక్కకండి. గౌలిదొడ్డి వైపు నుంచి వచ్చేవాళ్ళ కోసం కట్టింది, పైన నల్లగండ్లకీ తెల్లాపూర్‌కీ రెండుగా చీలుతుంది. ఆ చీలిక దగ్గర వెనకొచ్చే కారు ఎటు వెళ్తుందో మీకు తెలీదు. కిందనే వెళ్ళండి, ఒక నిమిషం ఆలస్యమైతే అయింది.

కొత్త_పెడల్:
థాంక్సండి. పెద్ద జంక్షన్‌లో కుడికి తిరగడమే భయం. గూగుల్ మ్యాప్స్‌లో టూవీలర్ మోడ్ పెట్టుకోవచ్చా?

ఎడమపక్క:
కుడికి రెండు విడతల్లో తిరగండి. సిగ్నల్ పడగానే ఎడమ పక్కనే నేరుగా దాటి, అవతలి మూలలో ఆగి, సైకిల్‌ని కుడి రోడ్డు వైపు తిప్పుకోండి. ఆ వైపు పచ్చలైటు పడ్డాక అందరితో కలిసి వెళ్ళడమే. మధ్య లేన్లోకి చెయ్యి చూపిస్తూ జరగడం మన దగ్గర జరిగే పని కాదు.

టూవీలర్ మోడ్ మోటారు బళ్ళకి. బండ్లు వేగంగా వెళ్ళే రోడ్లని అది తప్పించదు. శాటిలైట్ వ్యూలో కాలనీ రోడ్లు చూసుకుని, ఆదివారం పొద్దున ఒకసారి తొక్కి రండి. చాలా గేటెడ్ కాలనీల రోడ్లు మ్యాప్‌లో తెరిచి ఉన్నట్టే కనబడతాయి, తీరా వెళ్తే గేటు.

ట్యూబు_మార్చు:
దారి సంగతి తేలింది, పంక్చర్ సంగతి చూడండి. కట్టడాల పక్కన మేకులు, ఖాళీ ప్లాట్ల పక్కన తుమ్మముళ్ళు. 700x35కి గాలి ముందు టైరులో 50, వెనక టైరులో 55–60 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) చాలు, టైరు పక్కన రాసిన గరిష్ఠం దాటొద్దు. స్పేర్ ట్యూబు, టైరు ఊడదీయడానికి రెండు టైర్ లీవర్లు, చిన్న పంపు సీటు కింద ఉండాలి.

ట్యూబు మార్చే ముందు టైరు లోపల దూది ముక్కతో చుట్టూ తుడవండి. ముల్లు మొన ఎక్కడున్నా దూది పోగు అక్కడ చిక్కుకుంటుంది. వేలితో వెతికితే గుచ్చుకుంటుంది. ఈ పని చెయ్యకే చాలామందికి కొత్త ట్యూబు కూడా పది నిమిషాల్లో పోతుంది.

వెనక ఎర్రలైటు పగలు కూడా వెలిగించండి. ఏడు లోపు బయల్దేరితే కుక్కలుంటాయి: పారిపోకుండా దిగి, సైకిల్‌ని అడ్డం పెట్టుకుని నడవండి.